మూలకణ దాతల నమోదు: ఒక్కరోజులో ఐదొందల మంది వద్దు, పిలిస్తే వచ్చే నూరు మంది చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు తిరుపతిలో డిగ్రీ మూడో ఏడు చదువుతున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ తరఫున రక్త మూలకణ దాతల నమోదు శిబిరం పెట్టాలనుకుంటున్నారు. రక్తాన్ని పుట్టించే ఈ కణాలు ఎముకల మూలుగలో ఉంటాయి, బ్లడ్ క్యాన్సర్, తలసీమియా లాంటి జబ్బులున్నవాళ్ళకి సరిపోయే మనిషి నుంచి తీసి ఎక్కిస్తారు. దాతల పేర్లుండే రిజిస్ట్రీల్లో మైనారిటీలవి, గిరిజనులవి పేర్లు తక్కువని ఎక్కడో చదివారు. ఆ హాస్టళ్ళ పిల్లల్ని ఎలా కదిలించాలి, ఒక్కరోజులో 500 మందిని చేర్చగలమా అని అడుగుతున్నారు.

చేర్చగలరు. తిరుపతిలో అదేమంత కష్టం కాదు. అటు యూనివర్సిటీ, ఇటు పద్మావతి మహిళా యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, వెటర్నరీ, అగ్రికల్చర్ అన్నీ కూతవేటు దూరంలోనే ఉన్నాయి. సర్టిఫికెట్ ఇస్తామంటే క్యూ కడతారు. కానీ అలా చేర్చకండి. నూరు, నూటఇరవై మంది దగ్గర ఆగండి. ఒక్కొక్కరితో విడిగా ఏడెనిమిది నిమిషాలు మాట్లాడండి. వాళ్ళ ఇంట్లో ఒక పెద్దకి విషయం తెలిశాకే, చెంప లోపల తిప్పి నమూనా తీసే దూది పుల్ల చేతికివ్వండి. చిన్న సమూహాల పిల్లల దగ్గర ఈ పద్ధతి మరీ ముఖ్యం. ఎందుకో చెప్తాను.

నమోదు అంటే చెంప లోపలి నుంచి కాస్త తడి ఇవ్వడం కాదు. మూడేళ్ళకో, పదేళ్ళకో ఒక రోజు ఫోన్ వస్తే ఎత్తి 'వస్తాను' అనడం. రిజిస్ట్రీలు నష్టపోయేది అక్కడే. ఒక్కో నమూనాకి, ఎవరితో కలుస్తుందో తేల్చే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించడానికి వేలల్లో ఖర్చవుతుంది, ఆ ఖర్చు దాత మీద పడదు, రిజిస్ట్రీ భరిస్తుంది. ఆ పేరు ప్రపంచమంతా వెతికే జాబితాలోకి ఎక్కుతుంది. రోగి తాలూకు డాక్టరుకి 'సరిపోయే మనిషి దొరికాడు' అని కబురు అందుతుంది. ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు, లేదా వాళ్ళమ్మ ఎత్తి 'మా వాడు రాడు' అంటుంది. ఆ ఇంటికి ఆశ చూపి లాగేసుకున్నట్టే కదా. పేరు లేకపోవడం కంటే ఇది హీనం.

జోడీ ఎందుకు కుదరదు

ముందు ఈ లెక్క మీ వాలంటీర్లకి రావాలి. రక్తం గ్రూపుతో దీనికి సంబంధం లేదు, ఓ పాజిటివ్ మనిషి బి పాజిటివ్ మనిషికి ఇవ్వొచ్చు. సరిపోవాల్సింది హెచ్‌ఎల్‌ఏ. అవి మన కణాల మీద ఉండే గుర్తులు, వాటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద గుంపుగా ఉంటాయి. ఏ, బీ, సీ, డీఆర్‌బీ1, డీక్యూబీ1 అనే ఐదు చోట్ల, అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి ఒకటి చొప్పున మొత్తం పది. పదికి పది కలిస్తే మంచి జోడీ.

ఈ గుంపు చాలావరకు చెదరకుండా ఒక మూటలా తరం నుంచి తరానికి దిగుతుంది. అందుకే ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరు తోబుట్టువులుంటే వాళ్ళలో కనీసం ఒకరు కలిసే అవకాశం 44 శాతం, ముగ్గురుంటే 58 శాతం. మన తాతల ఇళ్ళల్లో ఆరుగురేసి, ఏడుగురేసి ఉండేవారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు ఇద్దరి కంటే తక్కువ. ఇంట్లో జోడీ దొరికే దారి మూసుకుపోతోంది, బయట వెతకాల్సిన అవసరం పెరుగుతోంది.

బయట వెతికితే ఎక్కడ దొరుకుతుంది? అదే మూట ఎవరి పూర్వీకుల్లో ఉందో వాళ్ళ దగ్గర. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో తేల్చిన విషయం ఒకటుంది. మన దేశంలో సమూహాలు సుమారు 4200 ఏళ్ళ క్రితం నుంచి 1900 ఏళ్ళ క్రితం దాకా బాగా కలిశాయి. ఆ తర్వాత ఎవరికి వారు తమలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలైంది. అంటే నూటనలభై కోట్ల జనాభా ఉన్నా, జన్యుపరంగా మనది ఒకే పెద్ద చెరువు కాదు, గట్లు వేసిన వేల చిన్న కుంటలు. ఒక కుంట నుంచి రిజిస్ట్రీలో పదిమందే ఉంటే, ఆ కుంటలో పుట్టిన రోగికి వెతుకులాట చాలాసార్లు ఆ పదిమంది దగ్గరే ఆగిపోతుంది. అమెరికా రిజిస్ట్రీ వాళ్ళు బాహాటంగా చెప్పే లెక్క చూడండి: తెల్లవాళ్ళకి పూర్తి జోడీ దొరికే అవకాశం 79 శాతం, నల్లజాతి వాళ్ళకి 29 శాతం. జబ్బు అదే, మందులవే. తేడా జాబితాలో ఎవరున్నారన్నదే.

కాబట్టి 'మైనారిటీ' అన్న మాటని ప్రభుత్వ కాగితాల అర్థంలో మాత్రమే తీసుకోకండి. ఈ పనిలో మైనారిటీ అంటే జాబితాలో తక్కువగా ఉన్నవాళ్ళు. మీ చుట్టుపక్కల చూస్తే శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు యానాదులు, పడమటి మండలాల తండాల్లో సుగాలీలు, మదనపల్లె, పుంగనూరు, పీలేరు వైపు ముస్లింలు, నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్ళు, కుప్పం దగ్గర మూడు భాషలు కలిసిన ఊళ్ళు.

ఇక్కడో అపోహ తీసేయాలి. 'ముస్లిం రోగికి ముస్లిం దాతే కావాలి' అని మీ వాళ్ళెవరూ మైకులో అనకూడదు. అది తప్పు కూడా. ఇక్కడి ముస్లింల జన్యువుల్లో ఎక్కువ భాగం ఈ నేలవే. మదనపల్లె అబ్బాయి కణాలు ఎవరో రెడ్డిగారికో, ఒక తమిళ పాపకో కలవొచ్చు. మతాన్ని, కులాన్ని కణం చూడదు, మూట కలిసిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. మూటలు సమూహాల్లో తిరుగుతుంటాయి కాబట్టి అన్ని సమూహాలూ జాబితాలో ఉండాలి, అంతే. కులం అడగకండి. రిజిస్ట్రీ ఫారంలో మాతృభాష, సొంతూరు లాంటి గడులుంటే అవే నింపించండి. 'మీ కులం వాళ్ళు తక్కువున్నారు, అందుకే వచ్చాం' అని హాస్టల్ పిల్లలతో అంటే, మమ్మల్ని లెక్క కోసం వెతుక్కుంటూ వచ్చారనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు.

రిజిస్ట్రీతో ఒప్పందం

ఇది మీరు సొంతంగా చేసే పని కాదు. చెన్నై కేంద్రంగా 2009 నుంచి నడుస్తున్న దాత్రి, బెంగళూరు కేంద్రంగా పనిచేసే డీకేఎంఎస్ ఇండియా, ఈ రెండు రిజిస్ట్రీలూ మీకు దగ్గర. కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయండి, నెలా రెండు నెలల ముందే రాయండి. కిట్లు, సమ్మతి ఫారాలు వాళ్ళే ఇస్తారు, మీ వాలంటీర్లకి శిక్షణ కూడా అడిగి తీసుకోండి. వయసు, బరువు, జబ్బుల నియమాలు ఒక్కో రిజిస్ట్రీకి కొంచెం మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ఫారం చూసి నడవండి. మోటుగా చెప్పాలంటే 18 నిండాలి, పై హద్దు 50 దగ్గరో ఆ పైన కాస్తో ఉంటుంది, ఆరోగ్యంగా ఉండాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, క్యాన్సర్, గుండెజబ్బు, ఇన్సులిన్ వాడే షుగరు, ఒంటిని ఒళ్ళే తినేసే రకం (ఆటోఇమ్యూన్) జబ్బులు ఉంటే కుదరదు.

బరువు సంగతి విడిగా చెప్పాలి. హాస్టల్ పిల్లల్లో, ముఖ్యంగా అమ్మాయిల్లో, 50 కిలోలు దాటనివాళ్ళు చాలామంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత. అందరి ముందూ కాటా ఎక్కించి 'నువ్వు పనికిరావు' అని పంపకండి. బరువు ప్రశ్న ఫారం దగ్గర, మెల్లగా. తిరిగి వెళ్ళాల్సి వచ్చిన పిల్లకి హిమోగ్లోబిన్ పరీక్ష ఎక్కడ ఉచితంగా చేస్తారో చెప్పి పంపండి.

వైద్యులు సాధారణంగా కుర్రవాళ్ళ కణాల వైపు, అందులోనూ మగపిల్లల వైపు మొగ్గుతారు. వయసు తక్కువైతే ఫలితం మెరుగు. మగవాళ్ళ ఒంటి బరువు ఎక్కువ కాబట్టి కణాలు ఎక్కువ వస్తాయి, గర్భం వల్ల పుట్టే యాంటీబాడీలు వాళ్ళకి ఉండవు. కానీ అమ్మాయిల్ని వెనక్కి పంపడానికి ఇది కారణం కాదు. జోడీ ఒక్క అమ్మాయితోనే కలిస్తే ఆ ఒక్క అమ్మాయే కావాలి.

భయం ఎక్కడుంది

'ఎముక మూలుగ' అనగానే మనవాళ్ళకి కూరలో పీల్చే మూలుగ ఎముక గుర్తొస్తుంది, అంటే ఎముక విరిచి తీస్తారని. ఇంకో భయం వెన్నులో నీళ్ళు తీస్తారని, నడుం పడిపోతుందని. ఇది ఊళ్ళల్లో బలంగా ఉంది. సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చాక నడుం నొప్పి వచ్చిందనే ఆడవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు, రేపు కొడుకుని ఆపేది కూడా వాళ్ళే. కాబట్టి మొదటి మాటే ఇది కావాలి: వెన్నుపూసని ఎవరూ ముట్టుకోరు.

తర్వాత నిజం మొత్తం చెప్పండి, సగం దాచకండి. ఇప్పుడు ఎక్కువమంది దాతలు కణాలిచ్చేది రక్తం నుంచే. నాలుగైదు రోజులు రోజూ జీ-సీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తారు, మోతాదు కిలో బరువుకి సుమారు 10 మైక్రోగ్రాములు. దాంతో మూలుగలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో నడుము, తొడల ఎముకలు లాగుతాయి, తలనొప్పి, జ్వరం వచ్చేముందు ఉండే ఒళ్ళునొప్పులు ఉంటాయి. పారాసిటమాల్‌తో తగ్గుతాయి, ఆపగానే పోతాయి. ఐదో రోజు ఒక చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. చాలకపోతే మర్నాడు ఇంకోసారి. కాల్షియం కాస్త తగ్గి పెదాలు, వేళ్ళు చిమచిమలాడతాయి, నర్సుకి చెప్తే సర్దుతారు. ప్లీహం తాత్కాలికంగా పెద్దదవుతుంది కాబట్టి ఆ వారం కబడ్డీ, బరువులెత్తడం వద్దు. అది చిట్లడం చాలా చాలా అరుదు, అయినా తెలిసి ఉండాలి.

కొందరు రోగులకి, ముఖ్యంగా పిల్లలకి, డాక్టరు నేరుగా మూలుగే అడగవచ్చు. అప్పుడు పూర్తి మత్తు ఇచ్చి, పిరుదుల పైన ఉండే కటి ఎముక వెనుక భాగం నుంచి సూదితో తీస్తారు. గంట రెండు గంటల పని. రక్తంతో కలిపి లీటరు దరిదాపు తీసినా మూలుగ కొన్ని వారాల్లో నిండుతుంది. తిరుపతి వాళ్ళకి దీన్ని తలనీలాలతో పోల్చి చెప్తే టక్కున ఎక్కుతుంది, ఇచ్చింది మళ్ళీ పెరుగుతుందని. మైనారిటీ హాస్టల్లో ఆ పోలిక వాడకండి, గోళ్ళు, రక్తదానం చాలు.

ఇదే చోట ఓ సూక్ష్మం. ఆర్యవైశ్యుల్లో కొందరికి సక్సినైల్‌కోలిన్ అనే, మత్తుతోపాటు కండరాలు సడలడానికి ఇచ్చే మందు ఒంట్లో తొందరగా కరగదు, కండరాలు గంటల తరబడి కదలవు. కారణం ఒక ఎంజైము లోపం, తరాలుగా లోపల్లోపల పెళ్ళిళ్ళ వల్ల ఆ సమూహంలో ఎక్కువైంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా తిరిగిన చరిత్ర ఉంటే, మూలుగ ఇచ్చే దాత మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. ఇది దానానికి అడ్డేమీ కాదు, మందు మారుస్తారు, అంతే.

'ఇప్పుడు సగం జోడీతో కూడా చేస్తున్నారట కదా, అమ్మో నాన్నో ఇస్తే సరిపోతుంది కదా' అని మెడికల్ కాలేజీ పిల్లలు అడుగుతారు. చేస్తున్నారు, చాలామంది ప్రాణాలు దానితోనే నిలుస్తున్నాయి. అయినా పూర్తి జోడీ దాత సమయానికి దొరికితే చాలా చోట్ల దాన్నే ముందు చూస్తారు. రెండు దారులూ ఉండాలి. ఇంకోటి, మన రాష్ట్రంలో నాలుగు పెళ్ళిళ్ళలో దాదాపు ఒకటి దగ్గరి బంధువుల మధ్యే. మేనరికం ఇళ్ళల్లో ఒకే మూట రెండు వైపుల నుంచీ రావచ్చు. అందువల్ల అలాంటి ఇంటి రోగికి అమ్మానాన్నలతో, మేనమామ పిల్లలతో కూడా పూర్తిగా కలిసే అవకాశం మామూలు కంటే ఎక్కువ. తలసీమియా పిల్లల తల్లిదండ్రులు మీ శిబిరానికి వస్తే ఈ మాట చెప్పి, వాళ్ళ డాక్టరుని అడగమనండి.

హాస్టల్లో ఎలా మాట్లాడాలి

ముందు వార్డెన్ దగ్గరికి కాదు, ఆ హాస్టల్లో చదివే ఒకరిద్దరి దగ్గరికి వెళ్ళండి. వాళ్ళే మీ వాలంటీర్లు కావాలి. బయటి కుర్రాళ్ళు పదిమంది టీషర్టులేసుకుని వస్తే వింటారు, తలూపుతారు, సంతకం చేస్తారు. మూడేళ్ళ తర్వాత ఫోన్ ఎత్తరు. 1998లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మెడికల్ విద్యార్థులు మొదలుపెట్టిన 'మారో' అనే దాతల నమోదు సంఘం ఈ పద్ధతిమీదే ఆ దేశంలోని చాలా యూనివర్సిటీలకి పాకింది, విద్యార్థికి విద్యార్థే చెప్పడం. 2007లో అమెరికాలో బ్లడ్ క్యాన్సర్ వచ్చిన ఇద్దరు భారత సంతతి యువకుల కోసం స్నేహితులు తిరిగితే కొన్ని వారాల్లోనే ఇరవై వేల పైచిలుకు దక్షిణాసియా వాళ్ళు నమోదయ్యారు. తెలిసిన నోటి మాటకి ఉన్న బలం అది.

కానీ ఒకే రోగి, ఓ పాప అనుకోండి, ఫొటో పెట్టి శిబిరం నడపడంలో ఓ ప్రమాదముంది. జనం ఆ పాప కోసం వస్తారు. రెండేళ్ళకి వేరే ఎవరికో పిలుపొస్తే 'నేను ఆ పాపకే కదా ఇస్తానన్నాను' అంటారు. కౌన్సెలింగ్‌లో ఈ ప్రశ్న తప్పకుండా వేయండి: 'మీకు పేరు కూడా తెలియని మనిషికి, ఇంకో రాష్ట్రంలోనో, ఇంకో దేశంలోనో ఉన్నవాళ్ళకి ఇస్తారా?' తటపటాయిస్తే పుల్ల ఇవ్వకండి. ఇంటికెళ్ళి ఆలోచించమనండి.

ముస్లిం విద్యార్థుల దగ్గర మూడు విషయాలు. ఇక్కడి ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ, కానీ కాలేజీ పిల్లలు చాలామంది చదివింది తెలుగు లిపి. ఉర్దూ కరపత్రం అందంగా ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ. ఆ హాస్టల్ అమ్మాయే ఒకామె దక్కనీలో రెండు నిమిషాలు మాట్లాడి వాట్సాప్‌లో పంపితే వాళ్ళమ్మ వింటుంది. రెండు, శుక్రవారం మధ్యాహ్నం పెట్టకండి, రంజాన్ నెలలో పగలు అసలే వద్దు. నోట్లో పుల్ల పెట్టుకోవడం ఉపవాసానికి భంగమా అనే చర్చలోకి మీరు దిగాల్సిన పని లేదు. మూడు, స్థానిక మసీదు ఇమాముని వారం ముందే కలిసి 'తీసింది మళ్ళీ పెరుగుతుంది, డబ్బు చేతులు మారదు, బతికున్న మనిషే ఇస్తాడు' అని మూడు ముక్కలు చెప్పండి. ఆయన జవాబేదో ఆయనే చెప్తాడు. పుల్ల ఎవరికి వాళ్ళే చెంపలో తిప్పుకుంటారు, ఇంకొకరు ముట్టక్కర్లేదు కాబట్టి బుర్ఖా వేసుకున్న అమ్మాయిలకి ఒక తెర, ఒక ఆడ వాలంటీరు ఉంటే సరి.

యానాది, సుగాలీ పిల్లల దగ్గర ఇబ్బంది వేరు. ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోన్, రీచార్జ్ అయిపోతే నంబరు మారుతుంది. అమ్మానాన్నలు కూలికో, ఇటుక బట్టీకో వలస. నమోదుకి సై అంటారు. కానీ వారం రోజులు పని మానుకుంటే ఆ కూలి ఎవరిస్తారన్న ప్రశ్న వాళ్ళు అడగరు, మీరే ఎత్తాలి. దాతకి ప్రతిఫలం ఉండదు. ప్రయాణం, బస, పరీక్షల ఖర్చు మాత్రం దాత జేబులోంచి పెట్టించరు. పోయిన కూలి సంగతి రిజిస్ట్రీని రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు పిల్లలకి చెప్పండి. విద్యార్థులకైతే హాజరు భయం ఉంటుంది. దానం రోజులకి హాజరు ఇస్తామని ప్రిన్సిపాల్ చేత ముందే ఒక కాగితం రాయించుకోండి, శిబిరంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసే పోస్టరు అదే.

శిబిరం రోజు

ఐదుగురు కౌన్సెలర్లు, ఒక్కొక్కరు గంటకి ఆరుగురు చొప్పున నాలుగు గంటలు కూర్చుంటే 120 మంది. మీ హద్దు అదే. వరస ఇలా: మాట్లాడటం, ఫారం, పుల్ల, చివర ఒక తనిఖీ బల్ల. ఆ తనిఖీ బల్ల లేని శిబిరంలో నమూనాలు పాడవుతాయి.

నమూనా ఇచ్చేముందు అరగంట ఏమీ తినకూడదు, కాఫీ టీ వద్దు, సిగరెట్, గుట్కా, వక్కపొడి వద్దు. వక్క నమిలినవాళ్ళ చేత నోరు నీళ్ళతో పుక్కిలింపజేసి అరగంట కూర్చోబెట్టండి. కిట్‌లో ఉన్న పుల్లల్ని ఒక్కొక్కటీ చెంప లోపలి గోడకి ఆనించి దాదాపు నిమిషం గట్టిగా తిప్పాలి. నాలుక మీద రాస్తే ఉమ్మి వస్తుంది గానీ కణాలు చాలవు. మొహమాటంతో పది సెకన్లు తిప్పి తీసేవాళ్ళే ఎక్కువ, పక్కన ఒకరు గడియారం పట్టుకోండి. దూదిని వేలితో ముట్టకూడదు, బల్ల మీద పెట్టకూడదు.

తర్వాత చాలామంది చేసే తప్పు, తడి పుల్లని వెంటనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించడం. మన ఎండలకి లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. కిట్‌లో చెప్పినట్టు ఆరనిచ్చి, ఇచ్చిన కాగితం కవర్లోనే పెట్టండి. ఎండలో నిలబెట్టిన కారులో పెట్టె వదలకండి. రెండు మూడు రోజుల్లో కొరియర్ వెళ్ళిపోవాలి. మే నెల వదిలేయండి, బ్రహ్మోత్సవాల వారం కూడా, ఆ రోజుల్లో ఊళ్ళో ఆటో దొరకదు.

తనిఖీ బల్ల దగ్గర నాలుగు చూడాలి. పుల్ల కవరు మీదా ఫారం మీదా ఒకే బార్‌కోడ్ ఉందా. సమ్మతి సంతకం ఉందా. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందు ఒకచోట వెనక ఒకచోట రాస్తే ఇద్దరు మనుషులవుతారు. ఫోన్ నంబర్లు మూడు ఉన్నాయా: తనది, ఇంట్లో ఒకరిది, ఊళ్ళో స్థిరంగా ఉండే ఇంకొకరిది, కిరాణా కొట్టు మామైనా సరే. మూడిటికీ అక్కడికక్కడే మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. హాస్టల్ చిరునామా రాయకండి, అది రెండేళ్ళకే చెల్లకుండా పోతుంది. ఫారాల ఫొటోలు, ఆధార్ కాపీలు వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు. లెక్క కోసం ఒక సంఖ్య చాలు.

అవయవదాన ప్రతిజ్ఞల బల్ల పక్కన దీన్ని పెట్టకండి. చచ్చిపోయాక ఇచ్చేదనుకుని సంతకం పెట్టేవాళ్ళు నిజంగా ఉంటారు. అలిపిరి దగ్గరో తిరుమల క్యూలోనో పెడితే లక్షల్లో వస్తారు కదా అని కొందరు అంటారు. దర్శనం తొందరలో ఉన్న మనిషి ఏం విని సంతకం చేస్తాడు? పైగా క్యూలో ఉన్నవాళ్ళ ఫోన్ అప్పటికే డిపాజిట్ కౌంటర్లో ఉంటుంది, మిస్డ్ కాల్ ఎవరికిస్తారు?

చెప్పకుండా వదలకూడని ఒక్క మాట

దాత ఎప్పుడైనా మానుకోవచ్చు. ఎవరూ బలవంతపెట్టరు, ఇది అతని హక్కు. కానీ ఎప్పుడు మానుకుంటున్నాడన్నది ముఖ్యం. మొదటి ఫోన్లో 'వద్దు' అంటే వాళ్ళు ఇంకొకరిని వెతుకుతారు. నిర్ధారణకి రక్తం ఇచ్చి, ఆరోగ్య పరీక్షలయ్యాక, తేదీ ఖాయమయ్యాక, మార్పిడికి వారం పది రోజుల ముందు నుంచి రోగికి గట్టి కీమో మొదలవుతుంది. దాంతో రోగి సొంత మూలుగ పూర్తిగా పోతుంది. ఆ తర్వాత దాత వెనక్కి తగ్గితే రోగి బతకడం కష్టం. ఇది బెదిరింపులా కాకుండా, తేదీల పట్టీలా బోర్డు మీద గీసి చూపించండి. విని నలుగురు లేచి వెళ్ళిపోతారు. పోనివ్వండి, శిబిరం సరిగ్గా నడుస్తోందన్నమాటే.

అమ్మానాన్నలతో మాట ఆ రాత్రే జరగాలి. 18 నిండినవాళ్ళకి చట్టప్రకారం ఇంటి అనుమతి అక్కర్లేదు. కానీ మన ఇళ్ళల్లో దానం ఆగేది ఇంట్లోనే. 'అమ్మా, ఇవాళ పేరిచ్చాను, ఎప్పుడైనా ఫోన్ రావచ్చు, వెన్ను ముట్టుకోరు' అని పిల్లలే చెప్పేలా, ఇంటికి పంపడానికి ఒక చిన్న కాగితం అచ్చేయించండి. అమ్మాయిల విషయంలో ఇంకోటి ఉంది. పెళ్ళయ్యాక ఊరు, నంబరు, కొన్నిసార్లు ఇంటిపేరు మారతాయి. అత్తవారింట్లో ఈ మాట కొత్తగా మొదలవుతుంది. మీ కాగితం మీద 'చిరునామా మారితే ఈ నంబరుకి చెప్పండి' అని పెద్దక్షరాల్లో ఉండాలి. చదువయ్యాక అబ్బాయిల్లో సగం బెంగళూరుకో చెన్నైకో పోతారు, మదనపల్లె వైపు వాళ్ళు కొందరు గల్ఫ్‌కి. వాళ్ళకీ అదే కాగితం.

శిబిరమైన ఆరు నెలలకి, తర్వాత ఏడాదికోసారి, నమోదైన అందరికీ మీ జూనియర్లు ఒక ఫోన్ చేయాలి. నమోదు రోజే ఫారం పక్కన 'మాకు ఫోన్ చేయొచ్చు' అని విడిగా ఒక సంతకం తీసుకుంటే ఇది పద్ధతిగా నడుస్తుంది. అడిగేవి రెండే: నంబరు మారిందా, ఇంకా సిద్ధమేనా. నూటఇరవై ఫోన్లు నలుగురు కూర్చుంటే ఒక సాయంత్రం పని. మారిన వివరాలు, 'ఇక వద్దు' అన్నవాళ్ళ పేర్లు రిజిస్ట్రీకి పంపండి, వాళ్ళు జాబితా సరిచేసుకుంటారు. వచ్చే ఏడాది కొత్త శిబిరానికి తేదీ అడిగే ముందు ఈ ఫోన్ల జాబితా పూర్తయిందో లేదో చూసుకోండి. పూర్తి కాకపోతే కొత్త శిబిరం ఆ ఏడాదికి ఆపేయండి.